అమ్మలు పారేయగా మిగిలినవి

భోగికి నాలుగు రోజుల ముందు మా ఇంట్లో ఏటా జరిగే గొడవే ఈసారీ జరిగింది. బొమ్మల కొలువు పెట్టె ఎలాగూ దించాలి కాబట్టి అటక మీదున్నదంతా దించెయ్యమంటుంది అమ్మ. దించాక ఏది ఉంచాలి, ఏది మంటలో వెయ్యాలి అని అమ్మకీ నాకూ వాదన, మధ్యమధ్యలో తుమ్ములు. కాలు విరిగిన పీట, చెదపట్టిన ఫొటో ఫ్రేములు, మా పాప చిన్నప్పటి చెక్క గుర్రం, వాటి వెనకాల ఎప్పుడో ఇల్లు మారినప్పుడు కట్టి మళ్ళీ విప్పని ఒక చెప్పుల డబ్బా. మూత తీయగానే వాసన గుప్పుమంది. ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీస్తే వస్తుందే, దానికి కొంచెం తీపి కలిపినట్టుంటుంది. ప్లాస్టిక్ వాసనే, కానీ ఇప్పటి ప్లాస్టిక్ కాదు. నిచ్చెన మీద అలాగే నిలబడిపోయాను.

లోపల న్యూస్‌పేపర్లో చుట్టిన బొమ్మ. పేపరు బొమ్మకి అతుక్కుపోయింది. మెల్లగా లాగితే సగం ఊడింది, సగం దాని వీపుకే ఉండిపోయింది.

"ఏటిరా అది, పీతా?" అంది అమ్మ కింద నుంచి.

"బాల్టన్ అమ్మా."

"ఆడెవుడు?"

ఏమని చెప్పను. జపాన్ వాళ్ళకి అల్ట్రామన్ అని ఒక టీవీ హీరో ఉన్నాడు, వాడితో కొట్లాడటానికి వేరే గ్రహం నుంచి వచ్చినవాడు ఈ బాల్టన్, మొహం కీచురాయిలా ఉంటుంది, చేతులుండాల్సిన చోట పీత డెక్కలుంటాయి, నవ్వితే "ఫో ఫో ఫో" అని నవ్వుతాడు అని చెప్పాను. అమ్మ అంతా విని, "భోగిలో పడెయ్యి" అంది. ప్లాస్టిక్ కాల్చకూడదమ్మా అంటే, "అయితే చెత్తబండికెయ్యి" అంది. ఆవిడ దగ్గర ప్రతి వస్తువుకీ ఏదో ఒక దారి ఉంటుంది.

నేను దాన్ని పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాను. ఈ వాసన నాకు తెలిసింది ఒక్కచోటే, టోక్యోలో, నకానో బ్రాడ్వే అనే షాపుల బిల్డింగు మూడో అంతస్తులో.

*

టోక్యోలో ఉన్న రోజుల్లో మేం నిషి-కసాయిలో ఉండేవాళ్ళం. వైటూకే హడావిడికి, అంటే రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీల్లో తికమకపడకుండా సరిచేసే పనికి, జపాన్ వచ్చిన మనవాళ్ళు చాలామంది అక్కడే దిగారు, తర్వాత వచ్చినవాళ్ళు వాళ్ళని వెతుక్కుంటూ అక్కడికే చేరారు. రెండు గదుల ఇంట్లో నలుగురం. ఒకడు భీమవరం, ఒకడు ఖమ్మం, ఇంకొకడు చెన్నైలో పుట్టిన తెలుగువాడు, నేను బొబ్బిలి. చాప గదిలో పరుపులు పొద్దున్నే మడిచి అలమరలో పెట్టాలి. ఆ పని ఎవరిదన్న విషయం మీద జరిగినన్ని గొడవలు ప్రాజెక్టు విషయంలో కూడా జరగలేదు.

ఆఫీసు ఓతెమాచిలో. నిషి-కసాయిలో తోజాయి లైను ఎక్కితే నేరుగా వెళ్ళిపోవచ్చు. లేత నీలం గీత ఉన్న రైలు. పొద్దున ఎనిమిదింటికి ఆ రైల్లో నిలబడటం అంటే, జేబులో చెయ్యి ఉంటే జేబులోనే, పైన ఉంటే పైనే, దిగేదాకా అంతే. ప్లాట్‌ఫాం మీద మైకులో రోజూ ఒకటే మాట వినిపించేది: "నకానో-యుకి". నకానో వెళ్ళే బండి అని. ఏడాదిపైగా ప్రతి ఉదయం నేను నకానో బండి ఎక్కి, నకానో చేరకుండా మధ్యలో దిగిపోయాను. ఆ ఊరు నాకు ఒక అనౌన్స్‌మెంటు, అంతే.

చేరిన రోజు కూడా అనుకుని చేరలేదు. శుక్రవారం రాత్రి రిలీజు. తెల్లారేదాకా ఆఫీసులోనే ఉండి, శనివారం పదకొండింటికో ఎప్పుడో బయటపడి, నిద్రమత్తులో ఇంటివైపు ఎక్కాల్సింది ఎదురు ప్లాట్‌ఫాం బండి ఎక్కేశాను. కూర్చోవడానికి సీటు దొరికిందన్న సంతోషంలో ఎటు పోతుందో చూడలేదు. ఎవరో భుజం తడితే మెలకువ వచ్చింది. తెల్ల చేతితొడుగులు వేసుకున్న రైల్వే ఆయన వంగి, "షూటెన్ దెస్" అంటున్నాడు. చివరి స్టేషను, దిగండి అని.

ఆకలి. ఉత్తరం వైపు బయటికొస్తే ఎదురుగా ఒక తెల్లటి బిల్డింగు, పక్కనుంచి చూస్తే సమోసా నిలబెట్టినట్టుంటుంది. అది నకానో సన్‌ప్లాజా, 1973లో కట్టింది, లోపల పెద్ద కచేరీ హాలు. దాని సంగతి అప్పుడు నాకు తెలీదు. కుడిపక్కన పైకప్పు వేసిన బజారు కనబడితే అందులోకి నడిచాను. సన్ మాల్ అంటారు దాన్ని, రెండొందల మీటర్ల పైచిలుకు ఉంటుంది. మందుల షాపు వాడు అరుస్తుంటాడు, చెప్పుల షాపు వాడు అరుస్తుంటాడు, టీ ఆకులు వేయించే వాసన ఒకచోట, చేపలాకారంలో చేసి లోపల తీపి బీన్స్ ముద్ద పెట్టే కేకుల వాసన ఇంకోచోట. ఆ బజారు ఎక్కడ అయిపోయిందో తెలీకుండానే ఒక బిల్డింగు లోపలికి వెళ్ళిపోతాం. అదే బ్రాడ్వే.

ఎదురుగా ఎస్కలేటర్ ఉంది కదా అని ఎక్కాను. అది నన్ను తీసుకెళ్ళి మూడో అంతస్తులో దింపింది. రెండో అంతస్తు ఏమైంది? కిందికి దిగేది ఏదైనా ఉందేమోనని చుట్టూ తిరిగాను. తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా ఆ విచిత్రం నాకు పాతబడలేదు. ఒకటో అంతస్తులో ఎక్కితే నేరుగా మూడే, రెండుకి వెళ్ళాలంటే మెట్లు చూసుకోవాలి.

*

బ్రాడ్వే అంటే మీరు ఊహించుకునే మెరుపులేం ఉండవు. కప్పు కిందికి ఉంటుంది, ట్యూబులైట్లు, కిటికీలు లేవు కాబట్టి బయట వానో ఎండో తెలీదు. మన పాత కాంప్లెక్సుల్లో జిరాక్స్ షాపులు, టైపు ఇన్‌స్టిట్యూట్‌లు ఉండే వరండాలు గుర్తున్నాయా, అలాంటి వరండాలు నాలుగు అంతస్తులు, వాటికి అటూ ఇటూ అగ్గిపెట్టెల్లాంటి షాపులు. కింద ఇంకో అంతస్తు.

1966లో కట్టారు దాన్ని, చాలా గొప్పవాళ్ళ కోసం. అయిదో అంతస్తు నుంచి పదో అంతస్తు దాకా ఇళ్ళే, పైన డాబా మీద వాళ్ళకి తోట, ఈతకొలను. సావాదా కెంజి అనే పెద్ద గాయకుడు, తర్వాత టోక్యో గవర్నరైన ఆఒషిమా యుకియో, ఇలాంటివాళ్ళు ఒకప్పుడు అక్కడ ఉన్నవాళ్ళే. కింద షాపులు కూడా మొదట్లో బట్టలు, నగలు, అలాంటివే. కాలక్రమంలో ఆ తళుకు తగ్గింది. చిన్న షాపులు ఖాళీ అయ్యాయి. 1980లో ఫురుకావా మసుజో అనే మాంగా (జపాన్ బొమ్మల కథలు) గీసే ఆయన అందులో ఒక బుల్లి షాపు తీసుకుని పాత మాంగా పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టాడు. అదే మందరాకే. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి షేర్ మార్కెట్‌కి ఎక్కింది. నేను వెళ్ళేనాటికే ఆ బిల్డింగులో ఎటు తిరిగినా వాళ్ళ ఎర్రబోర్డే, ఒకచోట పుస్తకాలు, ఒకచోట బొమ్మలు, ఇంకోచోట కార్టూన్ సినిమాల కోసం బొమ్మలు గీసిన సెల్లులు, అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్లు. వాళ్ళని చూసి పాత సామాను అమ్మేవాళ్ళు ఇంకా చాలామంది చేరారు.

నాకు మాత్రం అన్నిటికంటే నచ్చింది లిఫ్టు దగ్గర కనబడే ముసలమ్మలు. పైన ఇళ్ళల్లో ఉండేవాళ్ళు. కింద అంతస్తులో కూరగాయలు, చేపలు అమ్ముతారు. ఆవిడలు ముల్లంగి బయటికి పొడుచుకొచ్చిన సంచీ పట్టుకుని, గాజు అద్దాల వెనక పళ్ళు బయటపెట్టిన రాక్షసుల మధ్యలోంచి, వాటిని కన్నెత్తి కూడా చూడకుండా నడిచి వెళ్ళిపోయేవాళ్ళు. మా ఊళ్ళో గుడికెళ్ళే బామ్మలు సినిమా పోస్టర్ల ముందు నడిచినట్టు.

అదే కింద అంతస్తులో ఒక ఐస్‌క్రీం షాపు. ఎనిమిది రకాల ఐస్‌క్రీములు ఒకదానిమీద ఒకటి పేర్చి ఒకే కోనులో ఇస్తాడు. నలుగురు రూమ్మేట్లం కలిసి వెళ్ళినప్పుడు భీమవరం వాడు పందెం కట్టి ఒక్కడే తిన్నాడు. ఆరో రంగు దగ్గర గడ్డం దాకా కారింది, ఏడో రంగు చొక్కా మీద. పందెం డబ్బులు ఇస్త్రీకి సరిపోయాయి.

*

మొదటిరోజు తిండి సంగతి మర్చిపోయి రెండు గంటలు తిరిగాను. తర్వాత అదొక అలవాటైపోయింది, నెలకో రెండు నెలలకో ఒక శనివారం. మధ్యాహ్నం పన్నెండు దాటితేగాని చాలా షాపులు తెరవరు కాబట్టి పొద్దున బట్టలుతుక్కుని, వంట వంతు ఎవరిదైతే వాడికి దణ్ణం పెట్టి బయల్దేరేవాణ్ణి. చివరి స్టేషను దాకా వెళ్తే సీటు గ్యారంటీ.

బొమ్మల గురించి నాకేం తెలుసని. అద్దాల ముందు నిలబడి ధర చీటీలు చదువుకోవడమే. నా జపనీస్ చదువు నిజంగా మొదలైంది అక్కడే. కంపెనీ వాళ్ళు పెట్టిన క్లాసులో "ఇది కలము, అది బల్ల" దగ్గరే ఆగిపోయాం. ధర చీటీల మీద మాత్రం ఎప్పుడూ అవే అక్షరాలు, అందుకని పట్టుబడ్డాయి. "హకో నాషి" అంటే పెట్టె లేదు. "కెప్పిన్ ఆరి" అంటే ఏదో ముక్క తక్కువైంది. ఈ రెండో మాట మా రూములో బాగా స్థిరపడిపోయింది. పప్పులో ఉప్పు మర్చిపోతే కెప్పిన్ ఆరి. కోడ్ రివ్యూలో తిట్లు తిని వచ్చినవాడు బుర్ర చూపించి "కెప్పిన్ ఆరి గురూ" అనేవాడు.

పెట్టె ఉందా లేదా అన్నదానికి అంత పట్టింపేమిటో నాకు చాన్నాళ్ళు అర్థం కాలేదు. అదే బొమ్మ, అట్టపెట్టె ఉంటే ఒక రేటు, లేకపోతే అందులో ఎంతో తక్కువ. మన ఇళ్ళలో తిరగేసి జరుగుతుంది కదా. లోపలి బిస్కెట్లు మాయమైపోయి, రేకు డబ్బా మాత్రం సూదీ దారం వేసుకుని ముప్పై ఏళ్ళు బతుకుతుంది.

రేకు బొమ్మలుండే షాపు ఒకటుంది. కార్లు, రోబోలు, డప్పు కొట్టే కోతి. యుద్ధం ఓడిపోయిన ఏడాదే, అమెరికా సైనికులు తిని పారేసిన డబ్బాల రేకు ఏరి, సాపు చేసి, బుల్లి జీపులు చేసి అమ్మారట. తర్వాత అయిదారేళ్ళు ఎగుమతి బొమ్మల అడుగున "మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్" అని ముద్ర ఉండేది, అంటే పరాయి సైన్యం ఏలుబడిలో ఉన్న జపాన్‌లో తయారైనదని. ఆ ముద్ర ఉన్నవాటిని విడిగా పెట్టేవాళ్ళు. ఆ అరలోనే ఒక మూల చూశాను దాన్ని. రేకు పడవ. లోపల వత్తి వెలిగిస్తే నీళ్ళ తొట్టిలో టపటపమంటూ గుండ్రంగా తిరిగేది. పైడితల్లి అమ్మవారి జాతరకి విజయనగరం వెళ్ళినప్పుడల్లా నాన్న చేత కొనిపించుకునేవాణ్ణి, రెండు రోజుల్లో అతుకు ఊడి మునిగిపోయేది. జపాన్ వాళ్ళు దాన్ని "పోన్‌పోన్-సెన్" అంటారు, పోన్ పోన్ మనే పడవ. మాకు టపటప వినబడింది, వాళ్ళకి పోన్ పోన్ వినబడింది. ఇక్కడ దానికి అద్దాల పెట్టె, తాళం, లోపల చిన్న లైటు.

*

మా ప్రాజెక్టులో ఒక పెద్దాయన ఉండేవాడు, యాభైకి దగ్గర. మాట బయటికి రాదు. మీటింగుల్లో కళ్ళు మూసుకుని ఉంటాడు, నిద్రపోయాడనుకుంటే సరిగ్గా తప్పు దొర్లినచోట కళ్ళు తెరుస్తాడు. ఆయన డెస్కు మీద పెన్నులు పెట్టుకునే కప్పు మీద అల్ట్రామన్ బొమ్మ. ఒకరోజు లంచ్‌లో నేను నకానో వెళ్తున్నానని చెప్పాను. ఆయన చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాడు. ఆ తర్వాతి శనివారం మేమిద్దరం కలిసి వెళ్ళాం.

ఆఫీసులో ఏడాదికి మాట్లాడే మాటలన్నీ ఆ ఒక్క మధ్యాహ్నమే మాట్లాడాడాయన. అల్ట్రామన్ టీవీలో మొదలైంది కూడా 1966లోనేనట, ఆ బిల్డింగు పుట్టిన ఏడే. మరుసాన్ అనే కంపెనీ ఆ రాక్షసుల్ని మెత్తటి వినైల్‌తో చేసి అమ్మింది. రెండేళ్ళకే దివాళా తీస్తే, అందులో పనిచేసినవాళ్ళు బయటికొచ్చి బుల్‌మార్క్ అని ఇంకోటి పెట్టారు, అదీ 1977లో పోయింది. వీటిని సోఫుబి అంటారని, రాగి అచ్చులో ద్రవం పోసి కాగే నూనెలో ముంచితే గోడలకి పట్టినంతవరకు గట్టిపడుతుందని, మిగతాది వంచేసి, వేడి మీదుండగానే పటకారుతో బయటికి లాగుతారని, ఆలస్యమైతే రాదని, చేతులతో చేసి చూపించాడు. ఆ లాగడం ఒక పెద్ద విద్యట. అలాంటి చిన్న చిన్న కార్ఖానాలు మేముండే ఎదొగావా వార్డు పక్కనే, కత్సుషికాలో ఉన్నాయని చెబితే ఆశ్చర్యపోయాను. నేను రోజూ చూసే రేకుల షెడ్లలో ఏముందో ఎప్పుడూ తొంగిచూడలేదు.

ఒక అద్దం ముందు ఆగిపోయాడు. పచ్చరంగు రాక్షసుడు, తోక మీద వెండిరంగు కొట్టి ఉంది. చీటీ మీద ధర నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను, అప్పట్లో యెన్ అంటే నలభై పైసలకి అటూ ఇటూ, నా నెల అద్దె వాటా కంటే ఎక్కువే.

"ఇది నా దగ్గర ఉండేది" అన్నాడు. "ఇల్లు మారినప్పుడు అమ్మ పారేసింది. నేను స్కూల్లో ఉన్నాను."

కాసేపాగి, తనే నవ్వి, "అందరి అమ్మలూ పారేశారు. అందుకే దీనికింత రేటు" అన్నాడు.

ఆ మాట తర్వాత బ్రాడ్వే మొత్తం నాకు ఇంకోలా కనబడటం మొదలైంది. ఈ అద్దాల వెనకున్నదంతా అమ్మలు పారేయగా మిగిలిన సరుకు. ఏ అమ్మకో ఒంట్లో బాగాలేక, ఏ అటకో చేతికందక, ఏ పిల్లాడో పరుపు కింద దాచుకోబట్టి మిగిలినవి. ముందు నిలబడి చూసేవాళ్ళలో పిల్లలు తక్కువ, టై కట్టుకున్న మగాళ్ళే ఎక్కువ. అద్దానికి ముక్కు ఆనించి, పక్కవాడికి దారి ఇవ్వకుండా.

*

నా దగ్గర పారేయడానికి కూడా ఏమీ ఉండేది కాదు, అది వేరే సంగతి. మాకు దూరదర్శన్‌లో జెయింట్ రోబోట్ వచ్చేది. మా వీధి మొత్తానికి మాస్టారి ఇంట్లోనే టీవీ, డయనోరా, చెక్క షట్టర్లు పక్కకి తోస్తే తెరుచుకునేది. ఆయన ట్యూషను పిల్లలు ముందు వరస, మేం గుమ్మం దగ్గర. ఇంగ్లీషులో వచ్చేది, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా అంతా తెలిసేది. ఒక కుర్రాడు, చేతి గడియారంలో మాట్లాడితే ఆకాశంలోంచి పెద్ద రోబోట్ ఎగిరొస్తుంది. తల ఈజిప్టు రాజుల బొమ్మలా ఉంటుంది, వేళ్ళలోంచి బాంబులు. ఆఖరి రోజున అది ఆ విలన్ని పట్టుకుని, కుర్రాడు వద్దని అరుస్తున్నా వినకుండా అంతరిక్షంలోకి వెళ్ళి పేలిపోయింది. మాస్టారి ఇంట్లో ఎవరూ లేవలేదు. వార్తలు మొదలయ్యాక మాస్టారి భార్య వచ్చి, "ఇళ్ళకి పొండర్రా" అంటే అప్పుడు లేచాం.

నాన్న హెచ్ఎంటీ వాచీ తీసుకుని దొడ్లో నూతి దగ్గర నిలబడి నేను కూడా పిలిచాను. వాచీ నూతిలో పడింది. ఇంతకన్నా ఆ విషయం గురించి రాయను.

బ్రాడ్వేలో మూడో అంతస్తు మూల ఒక షాపు, తలుపు తీస్తే ఇప్పుడు ఈ చెప్పుల డబ్బాలోంచి వచ్చిన వాసనే, వందరెట్లు. లోపల ఇద్దరు పడితే మూడోవాడు బయటే. షాపాయనకి అరవై పైనే, కళ్ళజోడు దారంతో మెడలో వేలాడుతుంది. ధైర్యం చేసి, నాకొచ్చిన జపనీస్‌లో "జాయంతో రొబొట్టో ఉందాండీ" అని అడిగాను. ఆయన ముందు తప్పు దిద్దాడు, "రొబొట్టో కాదు, రోబో. జాయంతో రోబో" అని. సరే. ఆ కుర్రాడి పేరు జానీ కదా అన్నాను, మాకొచ్చిన ఇంగ్లీషులో జానీ సొకో. ఆయనకి అర్థం కాలేదు. జానీ ఎవరు? ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇక లాభం లేదని, మణికట్టు నోటి దగ్గర పెట్టుకుని గడియారంలో మాట్లాడినట్టు చేశాను.

"ఆ! దైసాకు!" అని అరిచాడాయన.

ఇన్నాళ్ళూ నాకు తెలిసినవాడి అసలు పేరు దైసాకు. ఆయన లేచి, రెండు పిడికిళ్ళూ బిగించి, మోచేతులు పక్కలకి లాగి, "మ్మాఁ!" అని గర్జించాడు. రోబోట్ అలాగే అనేది! ఆ గొంతు నాకు గుర్తుందని అప్పటిదాకా నాకే తెలీదు. బయట వరండాలో వెళ్తున్న ముల్లంగి సంచీ ఆవిడ ఒక్క క్షణం ఆగి, తలూపి వెళ్ళిపోయింది.

ఇండియాలో మీరు కూడా చూశారా అని మూడుసార్లు అడిగాడు. చూశామని మూడుసార్లు చెప్పాను. వెనకనుంచి ఒక బొమ్మ తీసి గుడ్డ మీద పెట్టి చూపించాడు, జానెడు ఎత్తు, ముట్టుకోనిచ్చాడు. ధర అడగలేదు, చీటీ ఆయనే బొటనవేలితో మూసి ఉంచాడు.

వట్టి చేతులతో ఎలా వెళ్ళేదని గుమ్మం దగ్గర పెట్టిన ప్లాస్టిక్ బుట్ట వెతికాను. బాగా అరిగినవి అందులో వేసేవాడు. అందులో దొరికాడు ఈ బాల్టన్. బందాయ్ అనే బొమ్మల కంపెనీ వాళ్ళు ఎనభైల్లో చేసినది, అరికాలు మీద 1983 అని అచ్చు. రంగు పోయి ఉంది, ఎనిమిది వందల యెన్లు. చీటీ మీద నాకు తెలియని అక్షరాలు ఏవో ఉంటే అడిగాను. ఆయన బొమ్మని తిరగేసి రెండో అరికాలు చూపించాడు. మార్కరు పెన్నుతో పిల్లల రాత, "కెన్" దాకా ఉంది, మిగతాది చెరిగిపోయింది. కెంజీయో, కెంతాయో, కెనిచియో. పేరు రాసి ఉంది కాబట్టి తక్కువ ధరట. పేరు ఉండటం కూడా ఒక లోపమే, కెప్పిన్ లాగా.

1983లో ఆ కెన్ ఎవరోగానీ, ఇంచుమించు నా వయసువాడే అయ్యుంటాడు. వాడు టోక్యోలో కాలికింద పేరు రాసుకుంటున్నప్పుడు నేను బొబ్బిలిలో అగ్గిపెట్టె బొమ్మలు అంటించుకుంటూ ఉండుంటాను.

*

మొన్నీమధ్య ఆఫీసు పని మీద నాలుగు రోజులు టోక్యో వెళ్ళాను. ఒక సాయంత్రం ఖాళీ దొరికింది. హోటలు దగ్గర్నుంచి వేరే దారి దగ్గరైనా, కావాలని ఓతెమాచి వెళ్ళి తోజాయి లైనే ఎక్కాను. "నకానో-యుకి". అదే మాట.

సన్‌ప్లాజా 2023 జులైలో మూసేశారు. సమోసా అలాగే నిలబడి ఉంది, లోపల దీపాల్లేవు. బజారు మాత్రం అదే గోల. బ్రాడ్వేలో ఎస్కలేటర్ ఎక్కాను, మూడులోనే దింపింది, ఆ ఒక్క విషయంలో ఎవరూ వేలు పెట్టలేదు. మిగతా చాలా మారింది. వాచీ షాపులు అంతకుముందు కూడా ఉండేవిగానీ ఇప్పుడు వరండా పొడుగునా అవే, మెరుస్తూ. చిత్రకారుడు మురకామి తకాషి పేరున్న గ్యాలరీ ఒకటి, ఆయన నవ్వే పువ్వులు. నాలుగో అంతస్తులో మందరాకే షాపు ముందు వరసగా ఎర్రటి గుడి తోరణాలు, వాటిలోంచి దూరి ఫొటోలు దిగుతున్న జనం. అన్ని భాషలూ వినబడ్డాయి. వెనకనుంచి ఎవరో "ఒరే, ఇది చూడ్రా, ఎంత చెప్తున్నాడో" అంటే గిర్రున తిరిగాను. ఇద్దరు కుర్రాళ్ళు, వీపున బ్యాగులు. పలకరిద్దామనుకుని మానేశాను. వాళ్ళు అద్దానికి ముక్కులు ఆనించి ఉన్నారు.

మూల షాపు లేదు. షట్టరు కాదు, ఆ గది ఉంది, అందులో వేరే ఎవరో చేతిగడియారాలు అమ్ముతున్నారు. గడియారాలు. అక్కడే నిలబడి, ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, మణికట్టు నోటి దాకా తీసుకెళ్ళాను. పైకి ఏమీ అనలేదు.

ఎనిమిది రంగుల ఐస్‌క్రీం కొని, ఫొటో తీసి రూమ్మేట్ల గ్రూపులో పెట్టాను. భీమవరం వాడు డాలస్ నుంచి వెంటనే రాశాడు: "కెప్పిన్ ఆరి. నేను లేను."

*

బాల్కనీలో బాల్టన్ని తడిగుడ్డతో తుడుస్తుంటే చేతికి జిగురు తగిలింది. పాత వినైల్ అంతే, ఏళ్ళు గడిచేకొద్దీ లోపలి నూనె పైకి ఊరుతుంది, ఇక విశాఖపట్నం ఉక్కపోత సంగతి చెప్పాలా. పేపరు ముక్కలు ఒక్కొక్కటే నానబెట్టి ఊడదీశాను. పేపరు పోయింది, అక్షరాలు పోలేదు. సిరా మొత్తం వాడి వీపుకి ఎక్కేసింది, తిరగబడి.

మా పాప వచ్చి, కాసేపు అటూ ఇటూ తిప్పి, ఏం చదవాలో తెలీక లోపలికి పట్టుకుపోయింది. బీరువా అద్దం ముందు నిలబెట్టి, గట్టిగా చదవడం వినిపించింది: "డబుల్ బెడ్‌రూమ్... తూర్పు ఫేసింగ్... అద్దెకు... శాకాహారులకు మాత్రమే."

వంటింట్లోంచి అమ్మ నవ్వు. పీతకి శాకాహారులా అని.

సంక్రాంతి నాటికి కొలువు మెట్ల మీద ఏటికొప్పాక పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పక్కన బాల్టన్ నిలబడి ఉన్నాడు. పాప పనే. అమ్మ చూసి, కొంగుతో ఒకసారి వాడి మొహం తుడిచి, "పేరంటానికి వచ్చేవాళ్ళు అడుగుతారు, ఈడి వీపు గోడవైపుకి పెట్టు" అంది.